నల్లమల కొండల నుంచి సూర్యలంక దాకా: ఆరు రోజుల కారు ప్రయాణం

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. జనవరి నెలాఖరులో ఆరు రోజులు వీలు చేసుకుని కారులో బయల్దేరుదామని అనుకుంటున్నాం. మావారు, నేను ఇద్దరం నడుపుతాం. బాబుకి పద్నాలుగేళ్లు, పాపకి తొమ్మిది. మామయ్యగారికి అరవై ఎనిమిది, మోకాళ్లు కొంచెం ఇబ్బంది. శ్రీశైలం, అహోబిలం, తలకోన, తిరుమల, పులికాట్, మైపాడు, సూర్యలంక అని రాసుకున్నాం. మన రాష్ట్రంలో మూడు నేషనల్ పార్కులు ఉన్నాయట, మూడూ చూడొచ్చా? పులి కనిపిస్తుందా? కొండల్లో నడక ఎక్కడ బాగుంటుంది? పిల్లలు సముద్రంలో ఎక్కడ దిగొచ్చు?

సమాధానం: మీరు రాసుకున్నవి ఏడు చోట్లు, చేతిలో ఉన్నవి ఆరు రోజులు. వీటిలో శ్రీశైలం, మైపాడు తీసేయండి. సముద్రానికి సూర్యలంక ఉంది కాబట్టి మైపాడు అక్కర్లేదు. తిరుమల సంగతి కింద విడిగా చెప్తాం. శ్రీశైలం గుంటూరు నుంచి శని, ఆదివారాల్లో ఎప్పుడైనా వెళ్లి రాగలిగిన చోటు. పైగా దోర్నాల నుంచి పైకి వెళ్లే రోడ్డు పులుల అభయారణ్యంలోంచి పోతుంది, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. ఆ గేట్ల వేళకు తగ్గట్టు పరుగులు పెడితే అహోబిలంలో నడవాల్సిన రోజు కాస్తా చేజారిపోతుంది.

ఇలాంటి ప్రయాణానికి కిలోమీటర్లు లెక్కేసుకుంటే సరిపోదు, పగటి వెలుతురు ఎన్ని గంటలుందో లెక్కేసుకోవాలి. జనవరి చివర్లో మన దగ్గర పొద్దు పొడిచేసరికి దాదాపు ఆరూ ముప్పావు, సాయంత్రం ఆరు దాటగానే కుంకుతుంది. ఉండేది పదకొండుంపావు గంటలే. ఘాటు రోడ్డు, కొండ నడక, పక్షులు, సముద్ర స్నానం అన్నీ ఆ వెలుతురులోనే అవ్వాలి. అందుకే రోజుకో పెద్ద పని పెట్టుకోండి, రెండోది పెట్టుకోవద్దు.

నేషనల్ పార్కులు మూడనే మాట నిజమే. పాపికొండలు 2008లో నేషనల్ పార్కు అయింది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉండే అడవి, గోదావరికి రెండు వైపులా ఉంది. అది మీ దారికి పూర్తిగా ఎదురు దిక్కు. దాన్ని రాజమండ్రి, మారేడుమిల్లి వైపు వేరే ప్రయాణంగా పెట్టుకోండి. కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న రామేశ్వరం పార్కు విస్తీర్ణం రెండున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేదు, దానికోసం దారి మళ్లనక్కర్లేదు. మిగిలింది శేషాచలం కొండల్లోని శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్కు. 1989లో ప్రకటించారు, విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. తలకోన దానిలోదే. ఈ ఒక్కదాన్ని తీరిగ్గా చూడండి.

ఇక మేం చెప్పే దారి. మొదటి రోజు గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, కంభం, గిద్దలూరు, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం. సుమారు 320 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే ఎనిమిది గంటలు. తెల్లారి ఐదున్నరకే బయల్దేరండి. రెండో రోజంతా అహోబిలంలో నడక. మూడో రోజు కడప, రాయచోటి, పీలేరు మీదుగా తలకోన, సుమారు 250 కిలోమీటర్లు. నాలుగో రోజు పొద్దున తలకోన అడవి, మధ్యాహ్నానికి తిరుపతి. ఐదో రోజు నేలపట్టు, పులికాట్ చూసుకుని రాత్రికి నెల్లూరు. ఆరో రోజు ఒంగోలు, చీరాల మీదుగా సూర్యలంక, రాత్రికి ఇల్లు. మొత్తం 1,150 కిలోమీటర్ల చిల్లర. లీటరుకు పదిహేను ఇచ్చే కారైతే 80 లీటర్ల లోపు పెట్రోలు.

ఈ కాలమే ఎందుకు మంచిదో కూడా చెప్పాలి. నల్లమలకు ఎక్కువ వాన నైరుతి రుతుపవనాల్లో పడుతుంది, శేషాచలానికి ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జనవరికి నల్లమలలో రాళ్లు ఆరి ఉంటాయి, కాలు జారదు. తలకోనలో మాత్రం ఇంకా నీళ్లు దూకుతూనే ఉంటాయి. తుఫాన్ల కాలం దాటిపోయి ఉంటుంది, పులికాట్‌లో పక్షులు ఉంటాయి. మార్చి వస్తే వీటిలో సగం పోతాయి. ఒక్క జాగ్రత్త, రిపబ్లిక్ డే సెలవుకీ ఆదివారానికీ తలకోన, సూర్యలంక కిటకిటలాడతాయి. ఆ రెండూ మామూలు రోజుల్లో పడేట్టు బయల్దేరే రోజు చూసుకోండి.

బయల్దేరడానికి వారం ముందు కారు చూపించండి. ముందు టైర్లు. టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైందని అర్థం. బయటి వైపు ఆ అంకెలు లేకపోతే లోపలి వైపు ఉంటాయి, మెకానిక్‌ను చూడమనండి. ఆరేళ్లు దాటిన టైరు గాడి ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, ఎండలో హైవే మీద పగిలేవి అవే. స్టెప్నీకీ ఇదే లెక్క. గాలి పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద రెండు అంకెలు ఉంటాయి. ఐదుగురూ సామానూ కాబట్టి ఫుల్ లోడుకు ఇచ్చిన అంకె మీది. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఘాటులో బ్రేకులు కాగితే ఆ తేమ ఆవిరై బుడగలు కడుతుంది, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది.

గిద్దలూరులో ట్యాంకు నింపుకోండి. అక్కణ్ణుంచి గాజులపల్లె దాకా నల్లమల అడవి. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే రైలు కూడా ఈ కొండల్లోంచే దాటుతుంది. ఈ దారిలో కారు ఆపి కోతులకు అరటిపళ్లు పెట్టడం చాలామందికి అలవాటు. దయచేసి పెట్టొద్దు. తిండికి అలవాటుపడిన కోతులు రోడ్డు మీదే కాపు కాసి లారీల కింద పడుతున్నాయి. అడవి దాటాక మహానందిలో గంటసేపు ఆగితే మామయ్యగారికి నడుము ఆడుతుంది, అందరికీ భోజనం అవుతుంది.

పులి సంగతి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోనే పెద్దది. అంత విశాలమైన దట్టమైన అడవిలో రోడ్డు మీంచి పులి కనపడాలంటే అదృష్టం మీద అదృష్టం ఉండాలి. పిల్లలకు పులి ఆశ పెడితే నిరాశే మిగులుతుంది. ఈ దారిలో గట్టిగా మాట ఇవ్వగలిగింది పక్షుల గురించే.

అహోబిలంలో దిగువ ఊళ్లో బస చేయండి. నడక ఎగువ అహోబిలం గుడి దగ్గర మొదలవుతుంది. దిగువ నుంచి అక్కడికి ఎనిమిది కిలోమీటర్లు, కారు వెళ్తుంది. గుడి వెనక నుంచి భవనాశిని వాగు పక్కగా దారి. మొదట వరాహ నరసింహస్వామి, అక్కణ్ణుంచి ఒక దారి మాలోల నరసింహస్వామి గుడికి, ఇంకోటి లోయ వెంబడి జ్వాలా నరసింహస్వామి గుడికి. జ్వాలా దాకా మెట్లు, బండలు, ఇనుప వంతెనలు. రానూపోనూ మామూలు మనిషికి నాలుగైదు గంటలు. పాప తాపీగా నడిస్తే జ్వాలా దాకా రాగలదు. ఇంకా పైన కొండ శిఖరాన ఉన్న ఉగ్రస్తంభం అనే పెద్ద బండ మాత్రం దానికి పూర్తిగా వేరు. అక్కడ సరైన దారి లేదు, రాళ్లు పట్టుకుని చేతులతో ఎక్కాల్సిన చోట్లు ఉన్నాయి, ఇంకో రెండు మూడు గంటలు పడుతుంది. బాబు, మీవారు స్థానిక గైడును వెంటబెట్టుకుని వెళ్లొచ్చు, పాప వద్దు. మామయ్యగారు వరాహ దాకా వచ్చి వెనక్కి తిరగడం మేలు. ఇంకా పైకి వెళ్లాలని ఉంటే ఎగువ గుడి దగ్గర డోలీ మోసేవాళ్లు ఉంటారు, ధర ముందే మాట్లాడుకోండి.

ఆరున్నరకల్లా ఎగువ గుడి దగ్గర ఉండండి. గుళ్లు తెరిచే, మూసే వేళలు ముందురోజు సాయంత్రమే కనుక్కోండి. ఒక నియమం మాత్రం ఇంట్లోనే ఒప్పందం చేసుకోండి: పన్నెండు గంటలకు ఎక్కడ ఉంటే అక్కణ్ణుంచి వెనక్కి. ఉగ్రస్తంభం ఇంకో పది నిమిషాల్లో ఉన్నా సరే. కొండల్లో ఎక్కువమందికి దెబ్బలు తగిలేది దిగేటప్పుడు, అదీ అలసిపోయి, వెలుతురు తగ్గి, తొందరపడినప్పుడు.

మనిషికి గంటకు అర లీటరు చొప్పున నీళ్లు కావాలి, పెద్దవాళ్లకు తలా మూడు లీటర్లు మోసుకెళ్లండి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు పెద్దదైతే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సీసా చిన్నదని అర లీటరులో కలిపితే ద్రవం చిక్కనై దాహం ఇంకా పెరుగుతుంది, పిల్లలకు కడుపు తిప్పుతుంది. తిండికి పులిహోర, చపాతీలు, వేరుశనగ చిక్కీ. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది. సంచీ నోరు ఎప్పుడూ మూసి ఉంచండి. కవరు చప్పుడు వినపడితే చాలు, కోతులు వచ్చేస్తాయి.

బూట్లు కొత్తవి వద్దు, నెల రోజులు తొడిగినవి కావాలి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు జారి గోళ్లకు తగులుతాయి, అందుకే ముందురోజు రాత్రి గోళ్లు కత్తిరించండి. దిగే ముందు బూటు తాడు చీలమండ దగ్గర బిగించి కట్టండి. మడమ మీద ఎక్కడైనా మంట మొదలైతే ఆ నిమిషంలోనే ఆగి టేపు వేయండి, బొబ్బ లేచాక వేస్తే ఉపయోగం లేదు. మామయ్యగారికి ఒక కర్ర తీసుకోండి. నేల మీద ఆన్చి పట్టుకుంటే మోచెయ్యి తొంభై డిగ్రీలు వంగాలి, అది ఎక్కడానికి. దిగేటప్పుడు కాస్త పొడవు పెంచుకోగలిగితే మోకాళ్ల మీద బరువు తగ్గుతుంది. అడుగులు చిన్నవిగా వేయమనండి.

మూడో రోజు కడప దాటాక గువ్వలచెరువు ఘాటు. ఎదురుగా బరువు లారీలు దిగుతుంటాయి. మలుపులో ఓవర్‌టేక్ చేయకండి, లారీ వెనకే రెండో గేరులో ఓపిగ్గా ఎక్కండి. పైన గువ్వలచెరువు ఊళ్లో పాలకోవా దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడ ఆగితే ఇంజను చల్లారుతుంది, కోవా కూడా తినాల్సిందే, అంత బాగుంటుంది. నాలుగో రోజు తలకోన నుంచి తిరుపతికి దిగే భాకరాపేట ఘాటు ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. 2022 మార్చిలో రాత్రి వేళ నిశ్చితార్థానికి వెళ్తున్న ఒక బృందం బస్సు లోయలో పడింది ఇక్కడే. పగలే దాటండి.

దిగేటప్పుడు ఎక్కడానికి వాడిన గేరే వాడాలి. కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే ప్యాడ్లు కాగిపోతాయి. గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి వదిలేయాలి, మళ్లీ వేగం పెరిగాక నొక్కాలి. ఏదో కాలుతున్న వాసన వస్తే అది హెచ్చరిక. రోడ్డు పక్కకు తీసి, గేరులో ఉంచి, చక్రాలకు పల్లం వైపు రాళ్లు పెట్టి, ఇరవై నిమిషాలు ఆగండి. చక్రాల మీద నీళ్లు మాత్రం పోయొద్దు. కాగి ఉన్న డిస్కు ఒక్కసారిగా చల్లబడితే వంకర పోతుంది.

తలకోన జలపాతం 270 అడుగులు, మన రాష్ట్రంలో ఎత్తయినది. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర నుంచి నడక. రాత్రి బస తలకోనలోనే దొరికితే తీసుకోండి, ముందుగా బుక్ చేసుకోవాలి. ఎందుకంటే ఈ అడవి పొద్దున ఏడు నుంచి తొమ్మిదిలోపే తన అందం చూపిస్తుంది. బస్సులొచ్చాక అరుపులే. పైన కొమ్మల్లో పెద్ద ఉడుతను చూడండి, ఎర్రటి వీపు, ఒంటికంటే పొడవైన తోక. రాతి పగుళ్లలో బంగారు బల్లి ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించకండి. ఈ కొండల చెట్టు ఎర్రచందనం. ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. అందుకే చెక్‌పోస్టుల్లో డిక్కీ తెరవమంటే విసుక్కోకుండా తెరవండి. అడవిలోంచి పుల్ల ముక్క కూడా కారులోకి రాకూడదు. నేషనల్ పార్కులో అన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నవే. గుర్తు పెట్టిన దారి వదిలి నడవడానికి వీల్లేదు.

జలపాతం కింద మడుగులోకి దూకొద్దు. నీళ్లు పచ్చగా నిశ్చలంగా ఉన్నాయని లోతు ఉందనుకుంటారు, అడుగున బండలు ఉంటాయి, వాటి సందుల్లో కాలు ఇరుక్కుంటే మనిషి పైకి రాలేడు. పిల్లలు అంచున కూర్చుని కాళ్లు ఆడించుకుంటే చాలు.

ఇక తిరుమల. తిరుపతి దాకా వెళ్లి కొండ ఎక్కకుండా రావడం పెద్దవారికి మనసొప్పదు, అది మాకు తెలుసు. దర్శనం టికెట్టు ముందే చేతికొస్తే ఏడో రోజు కలుపుకోండి. టికెట్టు లేకుండా ఒక్క పూటలో చూసొద్దామనుకుంటే మాత్రం పులికాట్ పోతుంది. నడిచి ఎక్కాలంటే అలిపిరి దారి సుమారు తొమ్మిది కిలోమీటర్లు, శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్ల పైచిలుకు, 2,388 మెట్లు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నారిని చంపాక పిల్లల విషయంలో వేళల నిబంధనలు పెట్టారు. పాప ఉంది కాబట్టి ఆ రోజుకు ఉన్న వేళలు కనుక్కునే బయల్దేరండి. గుంపుతోనే నడవండి, పాప చేతికి అందేంత దూరంలోనే ఉండాలి.

ఐదో రోజు తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పొద్దున్నే నేలపట్టు. దొరవారిసత్రం దగ్గర హైవే నుంచి కొద్ది దూరమే. చెరువు నీళ్లలో నిలబడి పెరిగే కణప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. జనవరి చివర్లో గూళ్లలో పిల్లలుంటాయి. తల్లి సంచీ లాంటి ముక్కు తెరిస్తే పిల్ల తల మొత్తం లోపలికి పెట్టి చేపలు తింటుంది. ఇది పాపకి బైనాక్యులర్‌లో చూపించండి, ఈ ప్రయాణం మొత్తంలో తను గుర్తుపెట్టుకునేది అదే కావచ్చు. బైనాక్యులర్ 8x42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది అయితే పిల్లల చేతికీ కుదురుతుంది. పది రెట్లు చూపించేది చేతిలో వణుకుతుంది.

పులికాట్‌కు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచి తూర్పుకు పోతుంది. పొద్దున వెళ్తే ఎండ కళ్లలో పడుతుంది, పక్షులు నల్లగా నీడల్లా కనిపిస్తాయి. సాయంత్రం ఎండ మీ వెనక నుంచి వస్తుంది, రాజహంసల రెక్కల్లో గులాబీ రంగు అప్పుడే తెలుస్తుంది. కారులోనే కూర్చుని అద్దం దించి చూడండి. దిగి గట్టు మీంచి బురదలోకి నడిస్తే గుంపు మొత్తం లేచిపోతుంది, అవి మేత మానేసి ఎగరాల్సి వస్తుంది. రోడ్డు చివర అంతరిక్ష కేంద్రం గేటు, అనుమతి లేకుండా లోపలికి పోనివ్వరు.

ఆరో రోజు పొద్దున నెల్లూరులో ఏడింటికి బయల్దేరితే మధ్యాహ్నానికి చీరాల, భోజనం అయ్యాక రెండున్నర, మూడుకి సూర్యలంక. అయిదున్నరకల్లా అందరూ నీళ్లలోంచి బయటికి వచ్చేయాలి. సూర్యలంకలో ఏటా జనం మునిగిపోయేది ఈత రాక మాత్రమే కాదు, లోపలికి లాగే పాయ తెలియక. ఒడ్డున నిలబడి ఐదు నిమిషాలు నీళ్లు చూడండి. వరసగా అలలు విరుగుతున్న చోట మధ్యలో ఒక పట్టీ మేర అలలు విరక్కుండా, నీళ్లు ముదురు రంగులో, నురగ లోపలికి కదులుతూ కనిపిస్తే అదే ఆ పాయ. ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ తిరిగి వెళ్లే దారి అది. అలలు లేవు కదా, ప్రశాంతంగా ఉందని పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరి, అప్పుడు ఒడ్డుకు రావాలి. చేతకాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. బాబుకి ఇది ఇంట్లోనే కాగితం మీద గీసి చూపించండి. పాప మోకాలి లోతు దాటకూడదు, మీలో ఒకరు తన మణికట్టు పట్టుకుని అలకు పక్కగా నిలబడాలి. పోలీసులు, గజ ఈతగాళ్లు ఉన్న చోటే దిగండి, పక్కన ఖాళీగా ఉన్న ఒడ్డుకు పోవద్దు.

కారు ఇసుకలోకి దించకండి. పొరపాటున దిగి చక్రం తిరుగుతూ కూరుకుపోతే యాక్సిలరేటరు తొక్కడం ఆపేయండి. ఇంకా తొక్కితే బండి కడుపు ఇసుక మీద ఆనుతుంది. టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించి, చక్రాల ముందు ఇసుక తవ్వి, రెండో గేరులో మెల్లగా బయటికి తీయండి. గాలి మళ్లీ పట్టించాకే బాపట్ల రోడ్డు ఎక్కాలి.

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. చీకటి పడ్డాక ఒడ్డున ఫోను టార్చి వేస్తే అవి వెనక్కి తిరిగిపోతాయి. పొద్దున్నో సాయంత్రమో ఇసుక మీద ట్రాక్టరు చక్రం జాడ లాంటి గుర్తు నీళ్లలోంచి పైకి వచ్చి మళ్లీ దిగినట్టు కనిపిస్తే, అది పైకి తిరిగిన చోట గుడ్లు ఉండొచ్చు. తవ్వి చూడకండి, తొక్కకండి. అక్కడున్న అటవీ సిబ్బందికి చెప్తే వాళ్లు తీసి గుడ్లు పొదిగించే హేచరీకి చేరుస్తారు. ఇంటికొచ్చిన మర్నాడు కారు అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి, ఉప్పు పట్టి ఉంటుంది.